స్లీప్‌లోకి పోయిన డెస్క్‌టాప్ లేవకపోతే: ఎక్కడ ఆగిందో పట్టుకునే పద్ధతి

మౌస్ కదిపినా చలనం ఉండదు. కీబోర్డు మీద కొట్టినా పలకదు. పవర్ బటన్ నొక్కితే లోపల ఫ్యాన్ తిరుగుతుంది గానీ తెర నల్లగానే ఉంటుంది. స్లీప్‌లోకి పోయిన డెస్క్‌టాప్ లేవకపోవడం పైకి ఒకటే జబ్బులా కనిపిస్తుంది. లోపల మాత్రం నాలుగైదు రకాల లోపాలు ఇదే వేషంలో వస్తాయి. రిపేరు అంగడికి మోసుకుపోతే మొదట వినబడే మాట "ఫార్మాట్ కొట్టాల్సిందే" అని. ఫార్మాట్‌తో బాగయ్యేవి వీటిలో కొన్నే. ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును బోర్డుకు కావాల్సిన వోల్టులకు మార్చి ఇచ్చే డబ్బా) బలహీనపడి ఉంటే, కొత్తగా వేసిన విండోస్ కూడా మర్నాడు పొద్దున అదే నల్ల తెర చూపిస్తుంది. కర్నూలు, అనంతపురం, కడప వైపు కరెంటు తీరు, ఎండ, దుమ్ము తెలిసినవాళ్ళు మామూలుగా చివరన చూసే ఎస్‌ఎంపీఎస్‌నూ యూపీఎస్‌నూ కాస్త ముందే అనుమానిస్తారు. అది సరైన పద్ధతే. కానీ అనుమానించే ముందు, సిస్టం లేవబోయి ఏ మెట్టు మీద ఆగిపోయిందో కనుక్కోవాలి. దానికి ఏ సామానూ అక్కర్లేదు, అయిదు నిమిషాలు చాలు.

స్లీప్‌లో లోపల జరిగేది

చాలా డెస్క్‌టాప్‌లలో స్లీప్ అంటే ఎస్3 అనే స్థితి. ప్రాసెసర్, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు అన్నీ ఆగిపోతాయి. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టుల ముఖ్యమైన లైన్లు మూడూ బందవుతాయి. ఒక్క ఊదా రంగు వైరులో వచ్చే 5 వోల్టుల స్టాండ్‌బై మాత్రం నడుస్తూనే ఉంటుంది. తెరిచిన ఫైళ్ళు, ఎక్కించిన పద్దులు అన్నీ ర్యామ్‌లోనే, అంటే కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీలోనే ఉంటాయి. ఆ ర్యామ్‌ను బతికించేదీ, లేపమని కీబోర్డు పంపే సంకేతాన్ని వినేదీ ఆ స్టాండ్‌బై కరెంటే. మొత్తం సిస్టం అప్పుడు తాగేది రెండు నుంచి అయిదు వాట్లు. మూడు వాట్లనుకుని రోజుకు 16 గంటలు స్లీప్‌లో ఉంచినా నెలకు ఒకటిన్నర యూనిట్ కూడా కాలదు. కాబట్టి బిల్లు భయంతో స్లీప్ మానుకోవాల్సిన పని లేదు.

కీ నొక్కగానే జరిగే వరుస ఇది. మదర్‌బోర్డు ఆకుపచ్చ వైరును గ్రౌండుకు లాగుతుంది. ఎస్‌ఎంపీఎస్ ముఖ్య లైన్లను లేపుతుంది. అవి కుదుటపడ్డాక 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపల బూడిద రంగు వైరు మీద "అంతా బాగుంది" అని సంకేతం పంపుతుంది. అప్పుడు ప్రాసెసర్ మేలుకుంటుంది. బయోస్ (విండోస్ కంటే ముందు బోర్డును నడిపే ప్రోగ్రాం) ర్యామ్‌లో ఉన్నదాన్ని చెరపకుండా దగ్గరిదారిలో పని ముగించి విండోస్‌కు అప్పగిస్తుంది. విండోస్ ఒక్కొక్క పరికరం డ్రైవర్‌నూ, అంటే ఆ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌నూ తట్టి లేపుతుంది. చివరన తెర వెలుగుతుంది. ఈ దారిలో ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి బయటికి కనిపించే లక్షణం మారుతుంది.

డబ్బా విప్పకముందు చూడాల్సినవి

కరెంటు ప్లగ్గు వెంటనే ఊడబీకొద్దు. లోపల విండోస్ బతికే ఉండవచ్చు, మీరు దాచుకోని పని కూడా.

మొదట కీబోర్డు మీద నమ్‌లాక్ గానీ క్యాప్స్‌లాక్ గానీ నొక్కి దాని దీపం మారుతోందో లేదో చూడండి. వెలిగి ఆరుతోందంటే విండోస్ లేచింది, తెర మాత్రమే రాలేదు. దీపం లేని వైర్‌లెస్ కీబోర్డు అయితే ఈ పరీక్షకు మామూలు వైరు కీబోర్డు ఒకటి తెచ్చి, వెనకవైపు మదర్‌బోర్డుకు నేరుగా ఉన్న యూఎస్‌బీలో పెట్టండి.

తర్వాత విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. ఇది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మళ్ళీ మొదలుపెట్టే మీట. విండోస్ బతికి ఉంటే చిన్న బీప్ వినిపించి, తెర ఒకసారి మిణుకుమంటుంది. తెర వచ్చిందా, దోషి గ్రాఫిక్స్ డ్రైవర్ అని సగం తేలినట్టే.

మూడోది పవర్ బటన్. ఒక్కసారి నొక్కి వెంటనే వదలండి. నాలుగు సెకన్లకు మించి పట్టుకుంటే బలవంతంగా ఆఫ్ అవుతుంది, అది ఆఖరి మార్గం. నొక్కాక క్యాబినెట్ దగ్గర చెవి పెట్టి వినండి. ఫ్యాన్ తిరిగిందా, తిరిగి ఆగిందా, అసలు కదల్లేదా?

వీటి జవాబులతో మీ సిస్టం కింది నాలుగింటిలో ఏదో ఒకదాంట్లో పడుతుంది.

ఫ్యాన్ తిరుగుతోంది, నమ్‌లాక్ పలుకుతోంది, తెర లేదు

ఇది అన్నిటికంటే తేలికైనది. మానిటర్ వెనక కరెంటు తీగ తీసి, పది సెకన్లు ఆగి పెట్టండి. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ "ఆటో"లో ఉంటే దాన్ని హెచ్‌డీఎంఐ అనో డిస్‌ప్లేపోర్ట్ అనో ఖాయం చేయండి. ఆటోలో ఉన్న మానిటర్ సిగ్నల్ వెతుక్కుంటూ ఒక్కో పోర్టుకు తిరుగుతుంది. సిస్టం లేచి పలకరించిన క్షణంలో అది వేరే పోర్టులో ఉంటే ఆ పలకరింపు అందదు. డిస్‌ప్లేపోర్ట్ మానిటర్లలో "డీప్ స్లీప్" అనే అమరిక ఉంటే ఆపేయండి.

మన దగ్గర ఎక్కువగా కనిపించే దోషి మాత్రం ఇంకొకటి. పాత వీజీఏ మానిటర్‌ను కొత్త బోర్డుకు కలపడానికి వాడే చిన్న హెచ్‌డీఎంఐ-వీజీఏ కన్వర్టర్. అందులో సొంత చిప్ ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు అది మానిటర్ వివరాలను బోర్డుకు మళ్ళీ చెప్పకపోతే బోర్డు అక్కడ మానిటరే లేదనుకుంటుంది. సిస్టం లేవనప్పుడు ఆ కన్వర్టర్‌ను ఊడబీకి మళ్ళీ పెట్టి చూడండి. తెర వచ్చిందంటే ఇక వెతకడం అనవసరం. బోర్డుకు వీజీఏ పోర్టు ఉంటే నేరుగా కలపండి, లేకపోతే వేరే కన్వర్టర్ తెచ్చుకోండి.

గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండి, కేబుల్ పొరపాటున మదర్‌బోర్డు పోర్టులో ఉంటే కూడా ఇలాగే జరగవచ్చు. కార్డు ఉన్నప్పుడు తెర తీగ కార్డుకే పెట్టాలి.

ఇవేవీ కాకపోతే డ్రైవర్ వైపు రండి. విండోస్ అప్‌డేట్ తర్వాతే ఈ తంటా మొదలైతే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్ ట్యాబ్‌లో "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కండి. ఆ బటన్ మసకగా ఉంటే పాత డ్రైవర్ మిగల్లేదని అర్థం. అప్పుడు గ్రాఫిక్స్ చిప్ తయారీదారు సైటు నుంచి తాజా డ్రైవర్ దింపి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "క్లీన్ ఇన్‌స్టాల్" ఎంచుకోండి. బ్రాండెడ్ డెస్క్‌టాప్ అయితే ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన డ్రైవర్ ముందు. నీలి తెర మీద "డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్" అని, కోడ్ చివర 9ఎఫ్ అని వస్తే ఏదో ఒక డ్రైవర్ నిద్ర లేవడానికి మొరాయిస్తోందన్నమాట. గ్రాఫిక్స్, వైఫై, నెట్‌వర్క్ డ్రైవర్లను ఆ వరుసలో చూడండి. ఇంటెల్ బోర్డుల్లో మేనేజ్‌మెంట్ ఇంజిన్ డ్రైవర్, ఏఎండీ బోర్డుల్లో చిప్‌సెట్ డ్రైవర్ పాతబడినా స్లీప్ చెడుతుంది. అయినా వాటిని ఎవరూ పట్టించుకోరు.

ఫ్యాన్ తిరుగుతోంది, నమ్‌లాక్ చచ్చిపోయింది

విండోస్ దాకా చేరలేదు, లేదా చేరగానే గడ్డకట్టింది. తేల్చడానికి ఒక మంచి సాక్షి ఉంది. బలవంతంగా ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేశాక ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ చూడండి. కెర్నల్-పవర్ పేరుతో 42 అంటే స్లీప్‌లోకి పోయింది. 107 అంటే స్లీప్ నుంచి తిరిగొచ్చింది. 41 అంటే సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్ళీ మొదలైంది. 42 ఉండి, 107 లేకుండా 41 వస్తే విండోస్ లేవలేదు. అప్పుడు చూపు బయోస్, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టాలి. 42, 107, తర్వాత 41 ఉంటే విండోస్ లేచాక ఆగింది. అది డ్రైవర్ పని. గడ్డకట్టిన సిస్టం చివరి మాటలు డిస్కు మీద రాయలేకపోవచ్చు కాబట్టి ఒక్కసారి చూసి తీర్పు ఇవ్వకండి. రెండు మూడు సార్లు ఒకేలా వస్తే నమ్మవచ్చు. 41 అనే అంకె మాత్రం కారణం చెప్పదు. అది కనిపించగానే ఎస్‌ఎంపీఎస్ మార్చమని చెప్పేవాళ్ళ మాట అక్కడికక్కడే నమ్మొద్దు.

విండోస్ లేవలేదని తేలితే బయోస్‌లోకి పోయి ర్యామ్ వేగాన్ని మామూలుకు దించండి. ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో లాంటి పేర్లతో ఉండే ప్రొఫైల్ ఆపేయండి. పూర్తి వేగంతో రోజంతా బాగా నడిచే ర్యామ్ కూడా స్లీప్ నుంచి లేచే ఆ ఒక్క క్షణంలో తడబడుతుంది. ఎందుకంటే మామూలు బూటింగ్‌లో చేసే పూర్తి సర్దుబాటు అక్కడ జరగదు. ఏఎండీ ఏఎం5 బోర్డుల్లో "మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్" అనేది ఆన్‌లో ఉంటే దాన్ని కూడా ఆపి చూడండి. బూటింగ్ కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

తర్వాత రెండు ర్యామ్ ముక్కలుంటే ఒక్కటే ఉంచి, ఒక రోజు నడిపి, రెండోదాన్ని అలాగే నడపండి. నాలుగు స్లాట్ల బోర్డులో ఒక్క ముక్క పెట్టేది ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండో స్లాట్‌లో. బంగారు రంగు పళ్ళను మెత్తటి రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు తుడిచి, రెండు వైపులా క్లిప్పు పడేదాకా నొక్కండి. స్లాట్‌లోకి నోటితో ఊదొద్దు, లోపలికి తేమ చేరుతుంది. సిస్టం ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు పట్టుకుని మిగిలిన కరెంటు వదిలించాకే ర్యామ్ మీద చెయ్యి వేయాలి. స్టాండ్‌బై నడుస్తుండగా ర్యామ్ తీస్తే ముక్కా బోర్డూ రెండూ పోయే ప్రమాదం ఉంది.

టైము తేడాగా కనబడటం, తేదీ వెనక్కి పోవడం ఉంటే బోర్డు మీద సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ మార్చండి. కొత్తది 3 వోల్టులు చూపిస్తుంది. 2.7 కిందికి పోయినదాన్ని ఉంచుకోవడంలో లాభం లేదు.

ఫ్యాన్ అసలు కదలదు

ముందు తేలికైన సంగతి. పవర్ బటన్‌తో లేచి, కీబోర్డు మౌస్‌లతో లేవకపోతే అది లోపమే కాదు, అమరిక. డివైస్ మేనేజర్‌లో కీబోర్డ్స్ కింద మీ కీబోర్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో "ఈ పరికరం కంప్యూటర్‌ను లేపవచ్చు" అనే అర్థమున్న పెట్టెకు టిక్ పెట్టండి. మౌస్‌కు ఆ టిక్ తీసేయడమే మంచిది. బల్ల కదిలినా ఫ్యాన్ గాలికి వైరు ఊగినా సిస్టం లేచి కూచుంటుంది. కీబోర్డును యూఎస్‌బీ హబ్‌లో కాకుండా వెనక పోర్టులో పెట్టండి. బయోస్‌లో "రెజ్యూమ్ బై యూఎస్‌బీ" లాంటి పేరుతో అమరిక ఉంటే ఎనేబుల్ చేయండి. "ఈఆర్‌పీ" అనే కరెంటు పొదుపు అమరిక ఎనేబుల్‌లో ఉంటే ఆఫ్, హైబర్నేట్ (పనంతా డిస్కు మీద రాసి పూర్తిగా ఆగిపోవడం) స్థితుల్లో యూఎస్‌బీకి కరెంటు ఆగిపోతుంది. అప్పుడు కీబోర్డుతో లేవదు, పవర్ బటనే దిక్కు.

పవర్ బటన్‌కు కూడా ఉలకకపోతే, ప్లగ్గు తీసి ముప్పై సెకన్లు ఆగి పెట్టినప్పుడు మామూలుగా ఆన్ అవుతోందా అన్నది చూడాలి. అవుతోందంటే బటన్ బాగుంది, స్టాండ్‌బై కరెంటు మీద అనుమానం పెరుగుతుంది. ప్లగ్గు మార్చినా ఉలకకపోతే, క్యాబినెట్ బటన్ వైరు బోర్డులో కూచునే రెండు పిన్నులను వైరు తీసి స్క్రూడ్రైవర్ మొనతో క్షణం తాకించండి. ఆన్ అయితే పాడైనది బటనే.

స్టాండ్‌బైని కొలవడం కష్టం కాదు. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల ముల్లు ఏదైనా నల్ల వైరుకు, ఎర్ర ముల్లు 24 పిన్నుల కనెక్టర్ వెనకనుంచి ఊదా వైరుకు ఆనించండి. ఇది తొమ్మిదో పిన్ను. కనెక్టర్ బోర్డులోనే ఉండాలి, సిస్టం స్లీప్‌లో ఉండాలి. 4.75 నుంచి 5.25 మధ్య ఉంటే సరి. లేపబోయే క్షణంలో 4.75 కిందికి జారుతుంటే ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిందే. అన్ని వైర్లూ ఒకే నల్లరంగులో ఉండే ఎస్‌ఎంపీఎస్‌లలో పిన్ను స్థానం చూసి లెక్కపెట్టుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా.

స్టాండ్‌బై లైను మీద బరువు ఎక్కువైతే మంచి ఎస్‌ఎంపీఎస్ కూడా తొట్రుపడుతుంది. చవక ఎస్‌ఎంపీఎస్‌లలో ఆ లైను సామర్థ్యం రెండు రెండున్నర ఆంపియర్లే. లేబుల్ మీద 5వీఎస్‌బీ (5 వోల్టుల స్టాండ్‌బై) అనే గడిలో రాసి ఉంటుంది. రాత్రంతా సిస్టం యూఎస్‌బీకి ఫోన్ ఛార్జింగ్ పెట్టడం, వేలిముద్రల యంత్రం, బార్‌కోడ్ రీడర్, వైఫై డాంగిల్, బయటి హార్డ్‌డిస్కు అన్నీ ఒకే హబ్‌లో వేలాడదీయడం మీసేవ కేంద్రాల్లోనూ బిల్లింగ్ అంగళ్ళలోనూ మామూలే. స్లీప్‌లో వాటన్నిటికీ కరెంటు ఆ ఒక్క లైను నుంచే. కీబోర్డు మౌస్ తప్ప అన్నీ తీసేసి రెండు రాత్రులు చూడండి. బాగా లేస్తుంటే ఒక్కొక్కటే మళ్ళీ పెట్టుకుంటూ రండి. ఫోన్‌కు గోడ ఛార్జర్ ఉండనే ఉంది.

లేస్తుంది గానీ మొదటినుంచి బూట్ అవుతుంది

తెరిచిన పనంతా పోయి, కంపెనీ లోగో వచ్చి, కొత్తగా విండోస్ మొదలైతే చాలావరకు అర్థం ఒకటే: ర్యామ్‌కు మధ్యలో కరెంటు అందలేదు. ఇక్కడ చాలామంది మదర్‌బోర్డును తిడతారు. అసలు కథ తరచుగా బయట, గోడ ప్లగ్గుకూ క్యాబినెట్‌కూ మధ్య ఉంటుంది.

రాత్రి కరెంటు పోయి వచ్చి ఉంటే, యూపీఎస్ లేని సిస్టంలో ర్యామ్ ఖాళీ అవ్వక తప్పదు. యూపీఎస్ ఉండి కూడా ఇలా అవుతోందంటే బ్యాటరీ చూడండి. 600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి ఉంటుంది. రెండు మూడేళ్ళు దాని ఆయుష్షు. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటే కర్నూలులో, మిద్దె కింద మూసిన గదిలో ఉన్న యూపీఎస్ సంగతి ఇక ఊహించుకోవచ్చు. సిస్టం నడుస్తుండగా, పనంతా సేవ్ చేశాక, యూపీఎస్ ప్లగ్గు ఆపి అయిదు నిమిషాలు నిలబడుతుందా చూడండి.

బ్యాటరీ బాగున్నా కరెంటు తెగే ఇంకో మాయ ఉంది, దీని గురించి తెలిసినవాళ్ళు తక్కువ. చాలా యూపీఎస్‌లలో "గ్రీన్ మోడ్", "నో లోడ్ షట్‌డౌన్" అనే ఏర్పాటు ఉంటుంది. బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు బరువు మరీ తక్కువగా ఉంటే, వాడేవాళ్ళెవరూ లేరనుకుని కొన్ని నిమిషాల్లో యూపీఎస్ తనే ఆగిపోతుంది. స్లీప్‌లోని సిస్టం తాగే మూడు వాట్లు దాని లెక్కలో సున్నా. సిస్టం నడుస్తున్నప్పుడు కరెంటు పోతే యూపీఎస్ బాగా ఆదుకుంటుంది, స్లీప్‌లో ఉన్నప్పుడు పోతే మాత్రం వదిలేస్తుంది. ఈ తేడా కనిపిస్తే కారణం ఇదే. యూపీఎస్ పుస్తకంలో ఆ మోడ్ ఆపే పద్ధతి ఉంటే ఆపండి. లేకపోతే కింద చెప్పిన హైబ్రిడ్ స్లీప్ మీద ఆధారపడండి.

ఇంటి ఇన్వర్టర్ మీద సిస్టం ఉంటే, చాలా ఇన్వర్టర్ల వెనక ఉండే మీటను "యూపీఎస్ మోడ్"లో పెట్టండి. రెండో మోడ్‌లో కరెంటు మారే వ్యవధి ఎక్కువ. స్లీప్‌లో ఉన్న సిస్టం అంత చిన్న ఖాళీని తట్టుకుంటుంది, దాని బరువు తక్కువ కాబట్టి. సరిగ్గా లేస్తున్న క్షణంలోనో నడుస్తున్నప్పుడో ఖాళీ వస్తే తట్టుకోదు.

హైబ్రిడ్ స్లీప్ అంటే సిస్టం స్లీప్‌లోకి పోయే ముందు ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద కూడా రాసి పెట్టుకోవడం. కరెంటు నిలిస్తే ర్యామ్ నుంచి టక్కున లేస్తుంది, కరెంటు పోయి వస్తే డిస్కు నుంచి కాస్త నెమ్మదిగా లేస్తుంది. పని మాత్రం పోదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, మీ ప్లాన్ పక్కన "ఛేంజ్ ప్లాన్ సెట్టింగ్స్", "ఛేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్", అందులో "స్లీప్" కింద "అలౌ హైబ్రిడ్ స్లీప్" ఆన్ చేయండి. ఆదోని పత్తి యార్డులో లెక్కలు చూసే సిస్టమైనా, ప్రొద్దుటూరు బంగారు అంగడిలో బిల్లింగ్ సిస్టమైనా, కరెంటుకు నమ్మకం లేని చోట ఇది ఆన్‌లో ఉండాలి. ప్రతిసారీ రాయడం వల్ల ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందనే భయం అక్కర్లేదు. ఆఫీసు సిస్టం రోజుకు ఒకటి రెండు సార్లు స్లీప్‌కు పోతే పడే భారం స్వల్పం.

ఇక్కడొక ఉచ్చు ఉంది. స్లీప్ సమస్యకు ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేట్‌ను పూర్తిగా ఆఫ్ చేయమనేది ఒకటి. అది కొడితే హైబర్నేట్‌తో పాటు హైబ్రిడ్ స్లీప్ కూడా మాయమవుతుంది. ఆ సలహా ఇచ్చేవాళ్ళు నిజానికి ఆపాలనుకునేది ఫాస్ట్ స్టార్టప్‌ను, అంటే షట్‌డౌన్ చేసినా విండోస్‌లో కొంత భాగాన్ని డిస్కు మీద దాచి త్వరగా ఆన్ అయ్యే ఏర్పాటును. దానికి వేరే దారి ఉంది: పవర్ ఆప్షన్స్‌లో "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ", అందులో "ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్" నొక్కి, ఫాస్ట్ స్టార్టప్ టిక్ ఒక్కటే తీయండి.

విండోస్‌లో మిగిలిన సర్దుబాట్లు

స్టార్ట్‌లో సీఎండీ వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" ఎంచుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో పవర్ అనే మాటకు సీ, ఎఫ్, జీ కలిపి రాసి, ఖాళీ వదిలి, స్లాష్, వెంటనే ఏ అని కొట్టండి. మీ సిస్టంకు ఏయే నిద్ర స్థితులు ఉన్నాయో చూపిస్తుంది. ఎస్3 ఉంటే పైన చెప్పిందంతా వర్తిస్తుంది. ఎస్3 లేకుండా ఎస్0 లో పవర్ ఐడిల్ అని మాత్రమే ఉంటే అది కొత్త రకం. కొన్ని ఆల్-ఇన్-వన్‌లలో, మినీ పీసీలలో ఉంటుంది. అందులో సిస్టం నిజంగా ఆగదు, తెర ఆర్పి సగం మెలకువతో ఉంటుంది. కాబట్టి లోపం దాదాపు ఎప్పుడూ డ్రైవర్‌లోనో బయోస్‌లోనో ఉంటుంది.

అదే కమాండ్‌కు స్లాష్ తర్వాత లాస్ట్‌వేక్ అని కలిపి రాస్తే కిందటిసారి సిస్టంను ఎవరు లేపారో చెబుతుంది. అర్ధరాత్రి తనంతట తాను లేచి, గడ్డకట్టి, పొద్దున మీకు చచ్చినట్టు కనిపించే సిస్టంలు ఉన్నాయి. నెట్‌వర్క్ కార్డు పేరు వస్తే డివైస్ మేనేజర్‌లో దాని పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో మ్యాజిక్ ప్యాకెట్‌తో (లేపడానికే నెట్‌వర్క్‌లో పంపే ప్రత్యేక సంకేతంతో) మాత్రమే లేచేలా టిక్ పెట్టండి.

అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్‌లోనే "పీసీఐ ఎక్స్‌ప్రెస్" కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ను ఆఫ్ చేయండి, "యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్"ను డిజేబుల్ చేయండి. డెస్క్‌టాప్‌కు ఇవి మిగిల్చే కరెంటు లెక్కలోకి రాదు. ఒక్కో మార్పు చేశాక ఒక రాత్రి పూర్తిగా చూడాలి. ఒకేసారి అయిదు మార్చితే ఏది మందో తెలియదు. రెండు నిమిషాలు స్లీప్‌లో పెట్టి లేపి బాగుందనుకోవడం కూడా మోసమే. చాలా లోపాలు గంటల తరబడి నిద్రపోయాకే బయటపడతాయి.

తిరిగే హార్డ్‌డిస్కు ఉన్న పాత సిస్టంలో, తెర వచ్చి అన్నీ నిలిచిపోయి డిస్కు దీపం ఆరకుండా వెలుగుతుంటే డిస్కునే చూడాలి. టక్ టక్ శబ్దం ఉంటే ముందు ఫైళ్ళు వేరే చోటికి కాపీ చేసుకోండి, తక్కిన వైద్యం తర్వాత.

బయోస్ అప్‌డేట్ చివర్లో. బోర్డు తయారీదారు సైట్‌లో మీ మోడల్, రివిజన్ అంకె రెండూ సరిపోల్చుకుని మాత్రమే చేయాలి. యూపీఎస్ నమ్మకంగా నిలబడుతుందని తేలిన తర్వాతే. మధ్యలో కరెంటు పోతే స్లీప్ సమస్య సంగతేమో గానీ బోర్డే పోతుంది.

ఎండ, దుమ్ము, ఎర్తింగ్

ఎస్‌ఎంపీఎస్‌లోనూ బోర్డు మీదా ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు వేడి 10 డిగ్రీలు పెరిగితే సగమవుతుంది. స్టాండ్‌బై భాగం రాత్రింబవళ్ళు, సిస్టం ఆఫ్‌లో ఉన్నా నడిచేది. అందుకే అది అన్నిటికంటే ముందు అరుగుతుంది. బోర్డు మీద తల ఉబ్బిన, జిగురు కారిన కెపాసిటర్ కనిపిస్తే ఏ సెట్టింగూ దాన్ని బాగుచేయదు. క్యాబినెట్‌ను కడప బండల మీద నేరుగా పెట్టకండి. గది ఊడ్చినప్పుడల్లా దుమ్మంతా కింది జాలీ నుంచి ఎస్‌ఎంపీఎస్‌లోకే పోతుంది. అరడుగు ఎత్తు పీట చాలు. బండల పాలిషింగ్ జరిగే చోట అయితే నెలకొకసారి బ్లోయర్ కొట్టించండి, ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకుని.

క్యాబినెట్ తాకితే జిల్లుమంటుంటే ఎర్తింగ్ లేదన్నమాట. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టినా ఇంతే. సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఏసీ వోల్టేజీ 3 లోపల ఉండాలి. అయిదు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. వాన తక్కువ పడే అనంతపురం నేలల్లో ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది, దానికి నీళ్ళు పోస్తుండాలి. సాయంత్రం పూట వోల్టేజీ పడిపోతుంటే అది మీ ఇంటి లోపం కాకపోవచ్చు. పక్కింట్లోనూ అలాగే ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.

ఎస్‌ఎంపీఎస్ కొనాల్సి వస్తే డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసిన వాట్లు చూసి మోసపోవద్దు. లేబుల్ మీద 12 వోల్టుల లైనుకు ఎన్ని ఆంపియర్లు, 5వీఎస్‌బీకి ఎన్ని, ఏ ఉష్ణోగ్రత దగ్గర లెక్కగట్టారు అనేవి చూడండి. స్టాండ్‌బై కనీసం రెండున్నర ఆంపియర్లు, వీలైతే మూడు ఉండేది తీసుకోండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, వారంటీకి అదే ఆధారం.

ఇంత చేసినా అప్పుడప్పుడు మొరాయిస్తుంటే, కొత్త బోర్డు కొనేదాకా స్లీప్‌ను వదిలేసి హైబర్నేట్ వాడుకోవచ్చు. "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ" పేజీలోనే షట్‌డౌన్ సెట్టింగుల కింద హైబర్నేట్‌కు టిక్ పెడితే స్టార్ట్ మెనూలో కనిపిస్తుంది, పవర్ బటన్‌కు కూడా దాన్నే కేటాయించుకోవచ్చు. ప్లాన్ సెట్టింగుల్లో "పుట్ ద కంప్యూటర్ టు స్లీప్"ను "నెవర్" చేసి, అడ్వాన్స్‌డ్‌లో "హైబర్నేట్ ఆఫ్టర్" దగ్గర 30 నిమిషాలు పెట్టండి. సీ డ్రైవ్‌లో ర్యామ్ పరిమాణంలో సగం దాకా ఖాళీ ఉండేలా చూసుకోండి, ఆ ఫైలు అక్కడే కూచుంటుంది.